అపహసింపబడిన ప్రభువు, అపహసించు మనము



కోహీరు ప్రాంతమున కాపురమున్నవారికి చలి యనగా నేమో ఎవరును చెప్పనక్కరలేదు. రాష్ట్రములోకెల్ల తక్కువ ఉష్ణోగ్రత మనయొద్దనే నమోదైనదని డిసెంబరు, జనవరి మాసములలో పత్రికలు పలుమారు వ్రాయుచుండును. తెల్లవారుజామున బజారు మూలను, బస్సు ఆగుచోటను కందికట్టె పోగుచేసి మంట వేసికొని పదిమంది చుట్టును కూర్చుందురు. ఊరి సంగతులన్నియు ఆ మంటయొద్దకే వచ్చును. ఒకని అప్పు, ఒకని అల్లుడు, ఒకని త్రాగుడు. కొంతసేపటికి నవ్వు పుట్టును. నవ్వు పుట్టుటకు ఎవడో ఒకడు కావలెను గదా. అతడు అక్కడ లేనివాడై యుండును. లేదా అక్కడనే యుండియు మారుమాట చెప్పలేనివాడై యుండును.

ప్రభువును పట్టుకొనిన రాత్రి ప్రధానయాజకుని ఇంటి ముంగిట అట్టి మంటయే మండుచుండెను. అప్పుడు చలిగా ఉండెనను సంగతిని యోహాను మరువక వ్రాసినాడు. బంట్రౌతులు చలి కాచుకొనుచుండగా పేతురును వారి నడుమ నిలిచి చేతులు కాచుకొనెను. ఆ రాత్రియే, ఆ ఇంటనే, ప్రభువు కన్నులకు గంత కట్టి, కొట్టి, కొట్టినదెవరో ప్రవచనముచేత చెప్పుమని ఆయనతో ఆటలాడిరి. గురువు ఆ ఆటలో చిక్కియుండగా శిష్యుడు వెచ్చగా నుండెను. ఈ నెల నేను మీతో మాటాడగోరుచున్నది ఆ ఆటనుగూర్చియు, ఆ మంటనుగూర్చియు.

ముందుగా ఒక సంగతి గమనించుడి. సువార్తికులు ప్రభువు శరీరబాధను వర్ణించుటలో మిక్కిలి పొదుపరులు. మత్తయి సువార్త ఇరువదియేడవ అధ్యాయము తెరచి చూడుడి. కొరడాలతో కొట్టించిన సంగతి ఒక్క వచనములో, అందును ఒక్క మాటలో, ముగిసిపోవును. సిలువ వేసిన సంగతియు అంతే. సైనికులు ఆయనను పరిహసించిన విధమునకు మాత్రము ఐదు వచనములు పట్టినవి. ఎఱ్ఱని వస్త్రము, ముండ్ల కిరీటము, కుడిచేతిలో రెల్లు, మోకాళ్లూని వందనము, ఉమ్మి, తుదకు ఆ రెల్లుతోనే తలమీద కొట్టుట. సిలువయొద్ద మరల మార్గస్థులు, యాజకులు, ఇరుప్రక్కల నున్న దొంగలు. లూకా వీటికి హేరోదు కొలువును కూడ చేర్చెను. సిలువ వేసిన ఘట్టమున మేకుల మాటయైనను ఎత్తనివారు నవ్వులనుగూర్చి ఇంతగా ఎందుకు వ్రాసిరి?

నాకు తోచినది చెప్పెదను. దెబ్బ ఒంటికి తగులును. అపహాస్యము ‘నీవెవడవు’ అనుదానికి తగులును. ఆ సైనికులు ఆయన రాజు కాడని వాదింపలేదు. వాదించియుంటే ప్రత్యుత్తరము చెప్పవచ్చును. వారు రాజువేషము వేసి నమస్కరించిరి. వేషమునకు ప్రత్యుత్తరమేమి? అవును నేను రాజునే అన్నను నవ్వుదురు. కాను అన్నను నవ్వుదురు. నోరు విప్పినవాడును విప్పనివాడును ఒకే ఉచ్చులో పడుదురు.

మన ఊళ్లలో ఇది ఎరుగనివారెవరు? బాప్తిస్మమునాడు దావీదని పేరుపెట్టుకొన్న కూలివానిని, ‘ఏమి దావీదు దొరా, సీమనుండి ఎప్పుడొస్తివి’ అని పలుకరించువారు ఇప్పటికిని కలరు. పలుకరింపు మర్యాదగానే ఉండును. దొరా అని కూడ అందురు. ముండ్ల కిరీటము కూడ కిరీటమే గదా.

ఇక నా సంగతి చెప్పవలెను. ఇది కొన్ని సంవత్సరముల క్రిందట జరిగినది. అప్పుడు నేను సేవచేయుచుండిన సంఘములో ఒక ముసలమ్మ ఉండెను. ఊరి పేరును మనిషి పేరును అడుగకుడి. జామకాయల కాలమున ఆమె గంప నెత్తికెత్తుకొని కోహీరు బజారునకు వచ్చి అమ్ముకొనుచుండెను. కోహీరు జామకు ఎంత పేరుగలదో మీరెరుగుదురు. దూరపు ఊళ్లకు పోవువారు సహితము బండి ఆపి కొనుక్కొని పోవుదురు.

మా గుడికి రెండు పేటలవారు వచ్చుచుండిరి. ఒక పేటవారికి కొంత పొలమును, బోరుబావులును ఉండెను. రెండవ పేటవారికి లేవు. రెండు పేటలవారును ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొందురు; పెండ్లివిందులో మాత్రము వేరువేరు వరుసలలో కూర్చుందురు. ఇది మీ సంఘములో లేనియెడల దేవునికి స్తోత్రము. మా సంఘములో ఉండెను.

ఒక అంగడి దినమున మా సంఘపు పెద్దలలో ఒకడు ఆమెయొద్ద కాయలు కొని, ఆమె చాచిన చేతిలో పైసలు పెట్టక, గంప ప్రక్కన మట్టిలో పడవేసెను. ఆమె చేయి చాచినది చాచినట్లే ఉంచెను. అప్పుడతడు నవ్వి, ‘ఏరుకో అవ్వా! మన యేసయ్యనే వంగి కాళ్లు కడిగిండు. నువ్వు వంగితే నడుమిరుగుతదా?’ అనెను. చుట్టు నిలిచినవారు నవ్విరి. ఆమె వంగి ఏరుకొనెను.

సాయంకాలము ఆమె మా ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, ఇదంతయు చెప్పెను. ఏడ్వలేదు. నేను వేదాంత పాఠశాలలో చదివినవాడను. ఎన్నియో శ్రమవారములలో ఈ వాక్యభాగములమీద ప్రసంగించినవాడను. జవాబు నా నాలుకమీద సిద్ధముగా నుండెను. ‘సహించుము అవ్వా. ప్రభువు ముఖముమీద ఉమ్మివేసిరి; ఆయన సహించెను గదా’ అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, ‘అట్లనే అయ్యగారూ. నాకైతే చెప్పిన్రు. ఆయనకెవరు చెప్తరు?’ అని అడిగి, ఖాళీ గంప చంకన పెట్టుకొని వెళ్లిపోయెను.

నేను చెప్పినది అబద్ధమా? కాదు. కష్టమంతయు అక్కడనే ఉన్నది. ప్రభువు సహించిన మాట నిజము. ఆ నిజమును నేను ఎవరికి చెప్పితినో చూడుడి. దెబ్బ తిన్న మనిషి నా అరుగుమీద కూర్చున్నది. కొట్టిన మనిషి తన ఇంట భోజనము చేయుచున్నాడు. ఆమెకు చెప్పుట సులభము. ఆమె తల ఊపును, పోవును. అతనికి చెప్పవలెనన్నచో గుడి పైకప్పు రేకులకు అతడిచ్చిన చందా నాకు జ్ఞాపకమునకు వచ్చును. వాక్యమును నేను బరువు తక్కువైన వైపునకు త్రోసితిని. ఆ రాత్రి పండుకొన్నప్పుడు నేను ఎక్కడ నిలిచియుంటినో నాకు తెలిసినది. మంటయొద్ద నిలిచియుంటిని.

యాజకులు ఇట్టి తప్పు చేయుట క్రొత్త కాదు. షిలోహులో హన్నా సంగతి చదువుడి. ఆమెకు బిడ్డలు లేరని పెనిన్నా ఏటేట ఆమెను ఎత్తిపొడుచుచుండెను. ఆ బాధతో హన్నా మందిరమునకు వచ్చి పెదవులు మాత్రమే కదుపుచు ప్రార్థింపగా, యాజకుడైన ఏలీ ఆమె త్రాగియున్నదని తలంచి మందలించెను. ఇంటిలో సవతి ఎగతాళి, గుడిలో అయ్యగారి నింద! ఏలీకి కన్ను తెరుచుకొనుటకు కారణమేమి? తాను త్రాగినదానను కాననియు, తనను పనికిమాలినదానిగా ఎంచవలదనియు హన్నా నోరు తెరచి చెప్పెను. ఏలీ విని మాట మార్చుకొని సమాధానముతో పొమ్మనెను. ఏలీ తన కుమారుల విషయమున ఎంత బలహీనుడైనను ఈ ఒక్క దినమున నాకంటె మేలైనవాడు. అతడు అక్కడికక్కడే దిద్దుకొనెను. నాకు మూడు దినములు పట్టినది.

ఆ మూడు దినములలో ఆ పెద్దమనిషి అన్న మాట నన్ను విడువలేదు. ప్రభువే వంగెను గదా, నీవు వంగితే ఏమి పోవును? వినుటకు వాక్యమువలెనే యున్నది. ఇందులో విషమెక్కడ కలదు?

మన తెలుగుభాష ఇచ్చట మనకొక ఉపకారము చేసినది. తగ్గించుట యనునది ఒక మాట. తగ్గించుకొనుట యనునది మరియొక మాట. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడు ప్రభువునుగూర్చి చెప్పినది తగ్గించుకొనుట. ఆ చిన్న ‘కొను’లో సువార్త అంతయు ఇమిడియున్నది. ప్రభువు తువాలు నడుమునకు తానే కట్టుకొనెను. సమస్తమును తండ్రి తన చేతికి అప్పగించెనని ఎరిగియుండియే ఆయన పళ్లెములో నీళ్లు పోసెనని యోహాను చెప్పుచున్నాడు. ఆయన వంగినది ఇతరుల పాదములు కడుగుటకు. ఇతరుల నడుములు వంచుటకు ఆయన ఒక్కనాడును చేయెత్తలేదు. నడుము వంగిపోయిన స్త్రీని సమాజమందిరములో చూచినప్పుడు ఆయన చేసినదేమి? పదునెనిమిదేండ్లుగా వంగియున్న ఆమెను చక్కగా నిలువబెట్టెను. అది విశ్రాంతిదినమని అధికారి కోపపడినను లెక్కచేయలేదు.

మ్రొక్కుబడి తీర్చుకొనుటకు తల గొరిగించుకొన్నవాడు సంతోషముగా ఇంటికి వచ్చును. అమ్మోనీయుల రాజైన హానూను, దావీదు దూతలను పట్టుకొని సగము గడ్డము గొరిగించి, బట్టలు నడిమికి కత్తిరించి పంపివేసినప్పుడు, వారు సిగ్గుచేత ఊరిలోనికి రాలేకపోయిరి. రెండుచోట్లను మంగలికత్తి ఒకటే. దావీదు అప్పుడేమి చేసెనో సమూయేలు రెండవ గ్రంథము పదవ అధ్యాయములో ఉన్నది. ఓర్చుకొనుడని కబురు పంపలేదు. వారు వచ్చువరకు సింహాసనముమీద కూర్చుండలేదు. ఎదురుగా మనుష్యులను పంపి, గడ్డము పెరుగువరకు యెరికోలో ఉండి పిమ్మట రమ్మని చెప్పించెను. తరువాత జరిగిన యుద్ధమును నేను సమర్థించుట లేదు. అయినను ఆ మొదటి కబురు ఎంత మృదువైనదో చూడుడి. అవమానపడినవారికి కొంత చోటు కావలెను, కొంత కాలము కావలెను, ఎదురువచ్చు మనిషి కావలెను. ఈ వాక్యమును నేను ఆ సాయంకాలమునకు ముందు ఎన్నిసార్లు చదివియుంటినో! గడ్డముల కథగానే చదివితిని.

అయితే సహనమేమైనది అని మీలో కొందరు అడుగుదురు. రెండవ చెంప చూపుమన్న ఉపదేశమేమైనది?

యోహాను సువార్త పదునెనిమిదవ అధ్యాయము చూడుడి. విచారణలో బంట్రౌతు ఒకడు ప్రభువును అరచేతితో కొట్టెను. రెండవ చెంపనుగూర్చి కొండమీద బోధించిన ఆ ప్రభువే అక్కడ నిలిచి, తన మాటలో తప్పుంటే దానిని చూపుమనియు, లేనియెడల ఈ దెబ్బ దేనికనియు వానిని అడిగెను. తిరిగి కొట్టలేదు, శపింపలేదు, పారిపోలేదు. అడిగెను. రెండవ చెంప చూపుట యనగా నోరు మూసికొనుటయని మనకెవరు చెప్పిరి? ఆయన హేరోదునెదుట ఒక్క మాటయు పలుకలేదు, నిజమే. హేరోదు గారడీ చూడగోరెను. గారడీ అడుగువానికి చెప్పవలసినదేమియు లేదు. బంట్రౌతునకు మాత్రము మాట దక్కినది. వాడు కూలికి కొట్టువాడు; ఒక ప్రశ్న వేసినచో ఆలోచించునేమో యని ప్రభువు తలంచియుండునని నా అభిప్రాయము. ఆ ప్రశ్నలో ప్రేమ యున్నది.

ఫిలిప్పీలో పౌలు సీలలను విచారణ లేకయే బహిరంగముగా బెత్తములతో కొట్టించి చెరసాలలో వేసిరి. తెల్లవారిన పిమ్మట న్యాయాధిపతులు వారిని చల్లగా విడిచిపెట్టుమని కబురు పంపిరి. పౌలు పోయెనా? పోలేదు. అందరియెదుట కొట్టి, ఇప్పుడు రహస్యముగా పొమ్మనుట కుదరదనియు, వారే వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననియు పట్టుబట్టెను. వారు వచ్చి బతిమాలుకొనిరి. మధ్యరాత్రి బొండలో కాళ్లుండగా కీర్తనలు పాడినవాడును ఇతడే; ఉదయము మర్యాద అడిగినవాడును ఇతడే. మనము పాటను తీసికొని, అడుగుటను విడిచిపెట్టితిమి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము తన 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసినది. ఆ చట్టము పేరెత్తిన విశ్వాసిని భక్తి తక్కువవాడని గొణుగువారు, పౌలు తన రోమా పౌరసత్వమును ఎత్తి చెప్పిన ఆ వచనమును కూడ చదువవలెను.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పండ్రెండవ అధ్యాయము రెండవ వచనములో రెండు క్రియలున్నవి. సిలువ విషయమున వాడిన క్రియ సహించుట. అవమానము విషయమున వాడిన క్రియ వేరు, అది నిర్లక్ష్యపెట్టుట. ఎంతోకాలము నేను వీటిని కలిపి చదివి, సిలువవలెనే అవమానమును కూడ ప్రభువు సహించెనని ప్రసంగించితిని. వ్రాసినవాడు అట్లనలేదు. మేకుల బాధ నిజమైనది గనుక దానిని సహింపవలెను. అవమానములోని తీర్పు, అనగా నీవు తక్కువవాడవు అను మాట, అబద్ధము గనుక దానిని లెక్కచేయనక్కరలేదు. దానిని తీసికొని గుండెలో పెట్టుకొనుట సహనము కాదు, అబద్ధమును నమ్ముట.

ఈ భేదమును మన తెలుగు సంఘపు తొలిదినములలో చదువురాని విశ్వాసులు నాకంటె బాగుగా గ్రహించిరి. ఒంగోలులో 1867 జనవరి 1న ఎనిమిదిమందితో బాప్తిస్టు సంఘము ఏర్పడెను. ఆ ప్రాంతమున విశ్వసించిన మాదిగవారు గ్రామదేవతల కొలుపులయందు డప్పు కొట్టుటకును, చచ్చిన గొడ్డుమాంసము తినుటకును ఇకమీదట సమ్మతింపమనిరి. ఊరి పెద్దలు, కరణములు వారిని హింసించిరి. పనులు పోయినవి, దెబ్బలు తగిలినవి. వారు దెబ్బలను సహించిరి. డప్పు మాత్రము కొట్టలేదు. పత్రికలోని రెండు క్రియలును ఆ ఒక్క పనిలో కలవు. (డప్పును నేను నిందించుట లేదు. నేడు మన పిల్లలు ఇష్టముతో డప్పు వాయించి దేవుని స్తుతించుచున్నారు, వినుటకు సొంపుగా ఉన్నది. ఆనాడు అది వెట్టి.)

కూటినిగూర్చిన ఎగతాళి కూడ మనకు పాతదే. కోహీరు 2016 వరకు మెదకు జిల్లాలోనిదే గనుక మెదకు గుడి మన గుడియే యనుకొందము. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914 మొదలు 1924 వరకు పది సంవత్సరములు ఆ గుడి కట్టించిరి. కరవులో ఆకలిగొన్నవారికి ఆ కట్టడములో పని దొరికి కడుపు నిండెను. ‘కూటికోసం కలిసినోళ్లు’ అను మాట అటువంటి చోట్లనుండి నేటివరకు మనలను వెంబడించుచున్నది. ఒంగోలులో క్లఫ్ దొరగారు 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో ఈ నిందకు వెరచి, కరవుపని జరుగుచుండగా బాప్తిస్మము లియ్యక ఆపివేసిరి. పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మము లియ్యబడెను. ఆయన జాగ్రత్త మెచ్చదగినదే. అయినను నా మనస్సులో ఒక మాట ఉన్నది, చెప్పెదను. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టినవానియొద్దకు వచ్చుట సిగ్గుపడవలసిన సంగతియా? రొట్టెలకొరకే వెదకుచున్నారని ప్రభువు కపెర్నహూములో జనులతో స్పష్టముగా చెప్పెను; కాని ముందటి దినమున వారికి రొట్టె పెట్టినందుకు చింతింపలేదు. ఆయననే తిండిపోతని ఎగతాళి చేసిరి. మన తాతలు ఆకలితో వచ్చిరని ఎవరైన నవ్వినయెడల, అవును ఆకలితోనే వచ్చిరి అని నిబ్బరముగా చెప్పుడి. ఆ ఆకలి వారి పొలములేనితనమువలన వచ్చినది. ఆ పొలములేనితనము ఎవరివలన వచ్చినదో నవ్వువారు చెప్పవలెను.

ఇంతవరకు ఇతరుల నవ్వులనే లెక్కపెట్టితిమి. మన నవ్వుల లెక్క చూడక పత్రిక మూసిన యెడల నేను మరల మంటయొద్దకే పోయినవాడనగుదును.

గుఱ్ఱం జాషువ కవిగారిని మీరెరుగుదురు. 1895లో వినుకొండలో పుట్టిరి. ఆ వినుకొండలోనే ఒక అవధాన సభలో ఆయన పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చిరని కొందరు ఆయనను అవమానించిరని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. ఇది చెప్పునప్పుడు మనము తల ఊపి జాలిపడుదుము. వారే చెప్పు రెండవ సంగతి మన గుడులలో వినబడదు. క్రైస్తవుడై యుండి హిందూ పురాణకథలు వ్రాయుచున్నాడని మన క్రైస్తవ పెద్దలే ఆయనను వెలివేసిరి. అటువారికి కులము తక్కువ, మనకు భక్తి తక్కువ. ఆ మనిషియే క్రీస్తు చరిత్ర వ్రాసెను. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చిన పిమ్మట మనము ఆయనను మనవాడని చెప్పుకొనుట మొదలుపెట్టితిమి. వెలివేసిన చేతులే పూలదండ తెచ్చుట లోకములో ఉన్నదే. దండ వేయునప్పుడు ఒక్కరైనను క్షమాపణ కోరిరా యని మాత్రము నాకు ఆలోచన వచ్చును.

మనము బయట పడిన అవమానమును ఇంటికి తెచ్చి చిన్నవారిమీద దించుకొందుము. ఊరిలో దొర పేరుపెట్టి పిలువలేదని బాధపడినవాడు ఇంట కోడలిని పేరుపెట్టి పిలువడు. చదువుకొన్న యువకుడు పట్టణమునుండి వచ్చి, ప్రార్థనలో మాట తడబడిన ముసలివానిని అనుకరించి స్నేహితులను నవ్వించును. పాట తప్పు పాడిన చెల్లెమ్మను చూచి మేమందరము, నేనును, పెదవి బిగించుకొని నవ్వితిమి. ప్రభువు ప్రక్కనున్న దొంగలను తలంచుకొనుడి. వారును సిలువమీదనే ఉండిరి. మత్తయి చెప్పినట్లు వారును ఆయనను నిందించిరి. నొప్పితో చచ్చుచున్నవాడు సహితము ప్రక్కవానిని నవ్వుటకు ఊపిరి దాచుకొనును.

మూడవ దినమున నేను ఆ పెద్దమనిషి ఇంటికి పోతిని. తప్పు చేసిన సహోదరునితో ముందు ఒంటరిగా మాటాడుమని మత్తయి పదునెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది గనుక ఎవరిని వెంట తీసికొనిపోలేదు. అతని భార్య చాయ తెచ్చెను. చాయ త్రాగుచు వానలనుగూర్చియు, బోరులో నీళ్లనుగూర్చియు మాటాడితిమి. రెండవసారి చాయ తెత్తునా యని ఆమె అడిగినప్పుడు నాకు సిగ్గువేసి, వద్దమ్మా యని, వచ్చిన సంగతి చెప్పితిని.

‘అది మజాక్ అయ్యగారూ. అవ్వ నాకు పరాయి మనిషా?’ అనెను.

‘మజాక్ అయితే అవ్వ నవ్వెనా?’ అని అడిగితిని.

అతడు నేలవైపు చూచుచు, గుడికి రేకులు వేయించినదెవరని మెల్లగా అడిగెను. నేను భయపడుచుండిన మాట అదియే. విన్న పిమ్మట అనుకొన్నంత పెద్దదిగా లేదు. మీరే వేయించిరి, మేలు చేసిరి, ఆ రేకుల క్రింద అవ్వయు కూర్చుండును అని చెప్పి లేచి వచ్చితిని. నేను మృదువుగా చెప్పియుండవచ్చును. ధైర్యము లేనివాడు ధైర్యము తెచ్చుకొన్న దినమున గొంతు కొంచెము పెద్దదగును.

అక్కడినుండి ఆమె ఇంటికి పోతిని. ‘అవ్వా, నీకు చెప్పిన మాట మొదట ఆయనకు చెప్పవలసినది. ఇప్పుడు చెప్పివచ్చితిని. నన్ను క్షమింపుము’ అంటిని. ఆమె చేటలో జొన్నలు చెరుగుచుండెను. చెరుగుట ఆపక, ‘మంచిదయ్యా. కూసోండి’ అనెను. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. నేను పోవునప్పుడు నాలుగు కాయలు నా సంచిలో వేసెను; పైసలియ్యబోతే కసరెను.

అతడు రెండు నెలలు గుడికి రాలేదు. వారము వారము ఆ ఖాళీచోటు చూచుచు ప్రసంగించుట నాకు కష్టముగా నుండెను. నేను చేసినది సరియేనా యని సందేహించిన ఆదివారములును కలవు. మంచి శుక్రవారమున వచ్చి, ముందు వరుసకు రాక, చెప్పులు విడుచు చోటికి దగ్గరగా కూర్చుండెను. నేను ఏమియు అనలేదు, అతడును ఏమియు అనలేదు.

ఈ దినములలో బజారులో జామకాయలకు సహితము ఫోనుమీదనే పైకము చెల్లించుచున్నారు. చేతికి చేయి తగులనక్కరలేదు. మట్టిలో పడవేయుటకు పైసలే లేవు. అవమానము తగ్గినదో దాగినదో నేను చెప్పలేను. ఆనాటికి మన ఊళ్లలో అది ఇంకను రాలేదు. మరుసటి చలికాలమున నేను పనిమీద కోహీరు పోయి బస్సు కొరకు నిలిచియుండగా బజారు ఆవలిప్రక్కను అతనిని చూచితిని. అతడు ఆమె గంపయెదుట గొంతుక్కూర్చుండి కాయలు ఏరుకొనుచుండెను. ఏరి, సంచిలో వేసికొని, ఒక నోటు తీసి ఆమె చేతిలో పెట్టి, చిల్లర కొరకు నిలువక నడిచిపోయెను. ఆమె కేకవేసెను. అతడు వెనుకకు వచ్చి చేయి చాచెను. ఆమె చీరకొంగు ముడి విప్పి, రూపాయలు ఒక్కొక్కటి లెక్కపెట్టి, అతని అరచేతిలో పెట్టెను.